అక్క పెళ్ళి పూలు ఆరేలోపు

ఫిబ్రవరి 10, సోమవారం

అమ్మతో ఇక మాట్లాడను. ఈ పూటకైనా మాట్లాడను.

నిన్న పెళ్ళయ్యాక అక్క చేతిలోని పూలగుత్తిని అమ్మకిచ్చి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాను. "దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. అలమర మీద పొడిగా ఉంచు. రేపు మా షాపుకి తీసుకెళ్ళి ఆరబెట్టి, అద్దంలాంటి దిమ్మలో పోతపోసి అక్కకిస్తాను. ఎన్నేళ్ళయినా అలాగే ఉంటాయి." అమ్మ "సరేలేవే" అంది. పొద్దున లేచి చూస్తే గుత్తి తడి తువ్వాలు చుట్టుకుని స్నానాలగదిలో బకెట్లో కూర్చుని ఉంది. పైగా మెలకువ వచ్చినప్పుడల్లా వెళ్ళి నీళ్ళు చల్లి వచ్చిందట.

"పూలకి నీళ్ళు చల్లకపోతే వాడిపోవూ? ఆమాత్రం తెలీదా నీకు?" అని నన్నే అడిగింది.

"ఆరబెట్టాల్సిన పూలమ్మా అవి!"

"అదేగా నేననేదీ. తడవందే ఏది ఆరుతుందే?"

హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో అమ్మ వయసంతా గడిచింది. లోకంలో ఏ చిక్కుకైనా ఆమె దగ్గర నీళ్ళే మందు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. రసాయనశాస్త్రంలో పట్టా ఉంది. తడికీ పొడికీ తేడా మా అమ్మకి చెప్పలేకపోయాను.

అక్క మాత్రం నవ్వింది. "పోన్లే పంతులమ్మా, పూలేగా" అంది. నేను బడికి వెళ్ళిన మొదటిరోజు నుంచీ ఆమె నోట నాకదే పేరు. పూలేగా అట! తనకోసమని ఎవరైనా కొన్న మొదటి పూలు అవి. లాండ్రీలో అక్కతోపాటు దుప్పట్లు మడతపెట్టేవాళ్ళంతా కలిసి కొన్నారు. తెల్ల గులాబీలు, మధ్యమధ్య పసుపు చామంతులు.

షాపులో విప్పి చూస్తే గులాబీల అంచులప్పుడే టీ మరకల్లా అయ్యాయి. ఒక్కో రేకునీ మెత్తటి కాగితంతో అద్ది, కాడలు కత్తిరించి, గాలి చొరని డబ్బాలో నిలబెట్టి, తేమ పీల్చే సిలికా గింజల్ని చెంచాతో రేకుల సందుల్లోకి పోశాను. పువ్వు ఆకారం చెడకుండా గింజలు లోపలికి దిగాలి. చేయి వణకకూడదు. వణకలేదు. ఒక్కటి కూడా నలగలేదు.

మా షాపు ఓనరు మేడమ్ వచ్చి డబ్బాలోకి తొంగిచూసి, "స్నానం చేయించి తెచ్చావా అమ్మాయ్, పెళ్ళికూతుర్ని?" అంది.

బాగానే వస్తాయి. రావాలి.

ఫిబ్రవరి 12

బావ కొత్త ఊరికి వెళ్ళిపోయాడు. లాండ్రీలోనే యంత్రాలు బాగుచేసేవాడు. ఇప్పుడు అంతకంటే పెద్దచోట పని దొరికింది. అద్దెగది చూసుకుని వచ్చి అక్కని తీసుకెళ్తాడు. ఈలోపు దిమ్మ తయారైపోవాలి. అక్క కొత్త ఇంట్లో మొదట పెట్టుకునే వస్తువు అదే కావాలి.

బావని బస్సెక్కించి వస్తుంటే అక్క నా చేయి పట్టుకుని ఆపింది.

"ఏమే పంతులమ్మా, నేను వెళ్ళేలోగా ఆ అక్షరాలు కాస్త నేర్పించవే."

"ఏ అక్షరాలు?"

"అన్నీ."

నాకు నవ్వొచ్చింది. అక్కకి రాలేదు. అప్పుడు మెల్లిగా చెప్పింది. పెళ్ళి మాటల్లో అమ్మ 'మా పెద్దది ఎనిమిది దాకా చదివింది' అనేసిందట. అక్క రెండో తరగతి సగంలో ఆగిపోయింది. నన్ను ఎత్తుకుని తిప్పడానికి ఇంట్లో మనిషి కావాల్సి వచ్చింది. అంకెలొచ్చు. లాండ్రీలో ఏ దుప్పటి ఏ హోటల్‌దో అంచుకు కుట్టిన దారం రంగు చూసి చెప్పేస్తుంది కాబట్టి బావకి ఇన్నాళ్ళూ అనుమానం రాలేదు.

"అక్కడ ఆయన పనికెళ్ళాక నేనొక్కదాన్నే. బస్సు బోర్డు చదవాలి, మందు సీసా చదవాలి. ఎవర్ని అడగను?"

"నేర్పిస్తా. ఈ పూల పని అవనీ" అన్నాను.

ఫిబ్రవరి 14

డబ్బా మూత తీయకూడదు. తీయలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

కొత్త పీడ. బావ పనిచేసేచోట యంత్రాల హోరులో ఫోన్ వినపడదట. అందుకని మెసేజ్‌లు పెడుతున్నాడు. నేను షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే అక్క ఫోన్ పట్టుకుని ఎదురొస్తోంది.

"చదవ్వే."

"'తిన్నావా' అని."

"తర్వాత?"

"'నిన్న నువ్వు గుర్తొచ్చి' అని... అక్కా, ఇది నేను చదవను."

"చదవకపోతే నాకెలా తెలుస్తుందే!"

"నీ మొగుడు నీకు రాసుకున్నవి నేనెలా చదవనే!"

చివరికి కళ్ళు మూసుకుని చదివినట్టు చదివేశాను. అక్క చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూనే ఉంది. వంటింట్లోంచి అమ్మ, "ఏంటే ఆ నవ్వులు? నాకూ చెప్పండి" అని కేక. "అక్కడ నీళ్ళు బాగున్నాయటమ్మా" అంది అక్క. అమ్మకి తృప్తి.

జవాబు అక్క చెప్తుంటే నేను రాస్తాను. అక్క చెప్పేదాన్ని నేను కాస్త సరిచేస్తాను. 'నాకూ అట్లాగే ఉందండి' అంటే, 'మీ మెసేజ్ చదువుతుంటే నాకూ మనసంతా అదోలా ఉంది' అని రాశాను. 'చదువుతుంటే' అన్నమాట కావాలనే పెట్టాను. ఆమె పరువు నిలబడాలి కదా.

పంపాక, "ఇప్పుడు కాసేపు కూర్చుందామా? మొదటి అక్షరాలు రెండు" అంది అక్క. నడుము పడిపోతోంది. రేపు అన్నాను.

ఫిబ్రవరి 18

తెరిచాను.

చామంతులు బతికాయి. గులాబీలు పైకి కాగితంలా ఆరి, లోపల మొగ్గ దగ్గర పచ్చిగానే ఉన్నాయి. ముట్టుకుంటే రేకులు కాడ నుంచి ఊడిపోతున్నాయి. నీళ్ళు చల్లినచోటల్లా గోధుమరంగు మచ్చ. ఒకదాంట్లో బూజు వాసన.

ఎవర్ని తిట్టను? అమ్మ పొద్దున డబ్బాలో అన్నం సర్దుతూ, "పూలు కులాసానా?" అని అడిగింది కూడా. కులాసాగా ఉన్నాయమ్మా!

గింజల్ని వేడిచేసి, తేమంతా పోగొట్టి, చల్లార్చి మళ్ళీ పెట్టాను. బూజు పట్టినదాన్ని పారేశాను. నయంగా ఉన్నవి కొన్ని ఉన్నాయి. చాలు.

ఫిబ్రవరి 19

మధ్యాహ్నం మేడమ్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మాయ్, మార్కెట్లో తెల్ల గులాబీలు దొరకవా?"

"దొరుకుతాయి మేడమ్."

"మరి ఈ పోస్టుమార్టం ఎందుకు? కొత్తవి తెచ్చి ఆరబెట్టు. పూలకేమన్నా గుర్తింపుకార్డులుంటాయా?"

"ఇవి మా అక్క పెళ్ళిలో పట్టుకున్నవి మేడమ్. వేరేవి పెడితే ఇక దాచుకోవడం ఏముంది?"

"దాచుకునేది పువ్వునా? పెళ్ళినా?" అని నవ్వి, "ఇక్కడికి పెళ్ళిపూలు తెచ్చేవాళ్ళలో సగంమంది మూడోరోజున తెస్తారు, కుళ్ళినవి. నేనేం చేస్తుంటాననుకున్నావ్?" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. గోడ మీద నమూనాలుగా పెట్టిన దిమ్మలన్నిటి వంకా చూశాను. ఏది ఎవరి పువ్వో!

నేనలా చెయ్యను. రాసి పెట్టుకుంటున్నాను. చెయ్యను.

ఫిబ్రవరి 22, శనివారం

మార్కెట్‌కి వెళ్ళాను. కొన్ని తెల్ల గులాబీలు కొన్నాను. ఇది మేడమ్ చెప్పినట్టు మార్చేయడం కాదు. వెనకవైపు ఖాళీగా కనపడకుండా ఆసరాకి మాత్రమే. ముందుండేవన్నీ అక్కవే.

ఫిబ్రవరి 23, ఆదివారం

అక్క పిల్లల అక్షరాల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చుకుంది. రంగు బొమ్మలున్నది. కొట్టువాడు "పాపకెన్నేళ్ళమ్మా?" అంటే "ఇరవయ్యెనిమిది" అందట. చెప్పి తనే పడీపడీ నవ్వింది.

నేను అన్నం తిని లేచేసరికి చాప పరిచి, పుస్తకం తెరిచి, పెన్సిలు చెక్కి పెట్టుకుని కూర్చుంది. తల కూడా దువ్వుకుంది, బడికి వెళ్ళేదానిలా. నాకేమో షాపు తాళం చేతిలో ఉంది. కొత్త గులాబీల డబ్బాని ఎండ తగిలేచోట పెట్టి వచ్చాను. అది మార్చకపోతే రంగు పోతుంది.

"సాయంత్రం కూర్చుందాం అక్కా."

"సాయంత్రం మీ బావకి జవాబు రాయాలిగా."

"అయితే వచ్చే ఆదివారం. అక్షరాలు ఎక్కడికీ పోవు. పూలు ఆగవు. అర్థం చేసుకో."

అర్థం చేసుకుంది. అక్కతో ఇదే సుఖం, ఏది చెప్పినా అర్థం చేసుకుంటుంది. తిరిగొచ్చేసరికి చాప చుట్టేసి ఉంది. అమ్మ ఎందుకో నావైపు చూడకుండానే అన్నం పెట్టింది.

ఈ ఇంట్లో నేను ఎవరికోసం చేస్తున్నానో ఒక్కరికీ పట్టదు.

ఫిబ్రవరి 26

బావ మెసేజ్: 'నువ్వు మాట్లాడితే ఒకలా ఉంటావు, రాస్తే ఒకలా ఉంటావు. టీచరమ్మతో కాపురం చేస్తున్నట్టుంది. భయమేస్తోంది.' పక్కన నవ్వే బొమ్మ.

చదివి వినిపించాను. నేను నవ్వాను. అక్క ఫోన్ తీసుకుని తెర వంక చాలాసేపు చూసింది, అందులో ఏదో కనపడుతుందన్నట్టు.

"నువ్వేం రాస్తున్నావే నా పేరు మీద?"

"బాగా రాస్తున్నా."

"బాగా రాయొద్దు. నేను చెప్పింది రాయి."

"నువ్వు చెప్పింది రాస్తే చదువుకున్నదానిలా ఉండదక్కా."

"నేను చదువుకున్నదాన్ని కాదుగా" అంది. గట్టిగా అనలేదు. ఆ తర్వాత ఆ పూట జవాబు పంపనివ్వలేదు.

మార్చి 1

రేకులకి పైపూత కొట్టడం మరిచిపోయి, అద్దంలా గట్టిపడే రెజిన్ ద్రవాన్ని పోసేశాను. పనిలో చేరిన మొదటి నెలలో చేసే తప్పు. పూత లేకపోతే రెజిన్ రేకులోకి ఇంకిపోతుంది. తెల్ల గులాబీ తడిసిన కాగితంలా అయి, అవతల ఏముందో కనపడుతోంది. అందులోవన్నీ అక్కవే. బాగున్నవన్నీ ఏరి ముందు వాటినే పెట్టాను.

మిగిలినవాటిలో పనికొచ్చేవి రెండు గులాబీలు, చామంతులు.

సరే. రెండు గులాబీలంటే తక్కువేం కాదు.

మార్చి 2, ఆదివారం

తల నొప్పి. పడుకున్నాను. అక్క వచ్చి నుదుటి మీద మందు రాసి వెళ్ళింది. అక్షరాల మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మార్చి 5

బావకి గది దొరికిపోయింది. ఆదివారం వస్తాడట. సోమవారం పొద్దున బస్సు.

అక్కకి మెసేజ్ చదివి వినిపించగానే నా నోట వచ్చిన మొదటి మాట: "అయ్యో, దిమ్మ కాలేదే!"

అక్క నావైపు చూసింది. "అవును. ఏదీ కాలేదు" అంది.

మార్చి 6

రెజిన్ పలచగా ఒక పొర పోసి, అది గట్టిపడ్డాక ఇంకో పొర పోయాలి. ఒక్కో పొరకి ఒక రోజు. అంత వ్యవధి ఎక్కడుంది? అచ్చు నిండా ఒకేసారి పోసేశాను. ఏం జరుగుతుందో నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. రెజిన్‌లోని రెండు ద్రవాలు కలిస్తే వేడి పుడుతుంది, మందం పెరిగేకొద్దీ ఆ వేడి బయటికి పోదు. తెలిసీ పోశాను.

మధ్యాహ్నానికి అచ్చు ముట్టుకోలేనంత కాలిపోయింది. దిమ్మ నడిమికి పగిలి, గులాబీలు రెండూ వేయించినట్టు అయ్యాయి.

మేడమ్ ఏమీ అనలేదు. చిన్న అచ్చు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. అరచేతిలో పట్టేది. "ఒక్క పువ్వు సరిపోతుంది దీనికి. పలచగా పొయ్యి, ఆదివారానికి అందుతుంది" అని వెళ్ళిపోయింది.

మార్కెట్ గులాబీల్లో చక్కనిదొకటి పెట్టాను. పక్కన అక్క చామంతి రేకులు కొన్ని చల్లాను. రేకులు అక్కవే. కాబట్టి ఇది అక్కదే.

మార్చి 7

కింద ఇత్తడి రేకు మీద ఏం రాయించాలి? మేడమ్ దగ్గర వరసగా ఉన్నాయి, 'వాడని వలపు', 'ఏడడుగుల గుర్తు' లాంటివి. అవన్నీ అరిగిపోయిన మాటలు. నా మాట నాదే కావాలని నిన్నటి నుంచీ రాస్తున్నాను, కొట్టేస్తున్నాను.

కుదిరింది.

'నన్ను చదివించిన అక్కకు, పువ్వంత ప్రేమతో.'

చెక్కేవాడు చదివి, "బాగుందండీ" అన్నాడు. ఇన్నాళ్ళకి ఒక పని నేను అనుకున్నట్టు వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క దీన్ని చూసి ఏమంటుందో!

మార్చి 8

రుద్దాను. మెరుగుపెట్టాను. ఒక్క బుడగ లేదు. మంచుగడ్డలో పువ్వు ఇప్పుడే విచ్చినట్టుంది.

మార్చి 9, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బావ మధ్యాహ్నం వచ్చాడు. భోజనాలయ్యాయి. అమ్మ బావకి కొసరి కొసరి వడ్డించి, "మా అల్లుడు గాలికి ఎగిరిపోయేట్టున్నాడు" అంది. బావ "మీ అమ్మాయి వచ్చాక రాయి కట్టినట్టే కదండీ" అన్నాడు. అక్క గరిటె చూపించింది. అందరం బాగానే ఉన్నాం. నేను దిమ్మని రంగుకాగితంలో చుట్టి తెచ్చి అక్క ఒళ్ళో పెట్టాను.

అక్క కాగితం చింపకుండా విప్పింది. వెలుతురులో పెట్టి తిప్పింది. "ఎంత బాగుందే!" అంది. నిజంగానే అంది. అమ్మ "నేను నీళ్ళు చల్లబట్టే ఇంత తాజాగా ఉంది" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

అప్పుడు బావ ముందుకు వంగి చూసి, "కింద ఏదో రాసుందే" అన్నాడు. తీసుకోబోయి మళ్ళీ చేయి వెనక్కి లాక్కున్నాడు. "కాదులే, నీకిచ్చింది. నువ్వే చదువు, వింటాం. మరదలుగారు ఏం రాశారో!"

ఆ క్షణంలో నాకు అర్థమయింది. అంతకు ముందు అర్థం కాలేదంటే ఎవరూ నమ్మరు. అక్షరం అక్షరం నేనే ఏరి, కొట్టేసి, మళ్ళీ రాసి, ఇత్తడి మీద చెక్కించాను. అది చదవలేని మనిషికి ఇస్తున్నానన్న సంగతి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

అక్క బొటనవేలితో ఆ రాతని ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది. అమ్మ పనేదో ఉన్నట్టు లేచి మళ్ళీ కూర్చుంది. నేను నోరు తెరిచాను. 'నేను చదువుతా' అంటే చాలు. ఎందుకు చదువుతానన్నానో బావ అడిగితే? ఆ ఆలోచనతో తెరిచిన నోరు మూసేశాను.

"పెళ్ళి శుభాకాంక్షలు" అంది అక్క. తల ఎత్తలేదు. "అనే రాసిందండీ. ఇంకేం రాస్తుంది?"

"ఏదీ" అని బావ తీసుకున్నాడు. చూశాడు. చిన్న రేకు, చిన్న వాక్యం, చదవడానికి అంతసేపు పట్టదు. ఆయన మాత్రం చాలాసేపు చూశాడు. తర్వాత ఒకసారి నా వంక చూశాడు. నాకు పాదాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆఁ. అదే ఉంది" అన్నాడు.

దిమ్మని అక్క ఒళ్ళో తిరిగి పెట్టి, "ఎన్నాళ్ళుంటుంది మరదలుగారూ ఇది?" అని అడిగాడు.

"ఎప్పటికీ" అన్నాను.

"గట్టి పనే" అన్నాడు.

మార్చి 10, సోమవారం

పొద్దున్నే లేచి అక్క పక్కబట్టలు మడతపెడుతోంది. దుప్పటి రెండో కొస నేను పట్టుకున్నాను. చిన్నప్పటి నుంచీ అంతే, దుప్పటి మడత పెట్టాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండాలి. దగ్గరికి వచ్చి కొసలు కలిపినప్పుడు అక్క గొంతు తగ్గించి చెప్పింది.

"నిన్న సాయంత్రం కూరలకని బజారుకెళ్ళాం కదా. దారిలో మీ బావకి చెప్పేశాను. ఒక్క ముక్క రాదని."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు, ముందే తెలిసిపోయింది కదా ఆయనకి. 'అందులో ఏం రాసుందో చెప్పనా' అన్నాడు. చెప్పాడు." మళ్ళీ దూరం జరిగి దుప్పటి దులిపింది. "అలా రాశావేంటే పిచ్చిదానా."

నేను నా కొస బిగించి పట్టుకున్నాను.

"నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. మిషను విప్పేటప్పుడు ఒక్కో మర తీసి వరసగా పెడతాడు చూడు, అక్షరాలూ అంతేనట. 'వరస తెలిస్తే మళ్ళీ బిగించడం తేలిక. నేను నేర్పిస్తా' అన్నాడు. తనకీ ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే సరదా అట."

"అక్కా, బస్సు తొమ్మిదింటికి కదా. ఇప్పుడు కూర్చుందాం. ఇప్పుడే. పుస్తకం తీసుకురా."

"పెట్టెలో పెట్టేశానే అడుగున."

"తీద్దాం."

"ఎందుకులేవే ఇప్పుడు. ఆయన మొదలుపెడతానన్నాడుగా, మళ్ళీ రెండు దారులైతే నాకే కలగాపులగం." నా గడ్డం పట్టుకుంది. కోపంగా లేదు. కోపంగా ఉన్నా బాగుండేది.

దిమ్మ అలమర మీద ఉంది. అది పెట్టెలో పెట్టలేదని అప్పుడు చూశాను.

"బరువే. బస్సులో ఎక్కడన్నా తగిలి పగిలితే? నీ దగ్గరే ఉంచు. నీ కష్టం అది."

"అందులో పువ్వు..." అన్నాను. ఇక ఎందుకు దాచడమనిపించింది. "అక్కా, అందులో పువ్వు నీది కాదు. నీవి పాడైపోయాయి."

"తెలుసులే. అమ్మ అన్ని నీళ్ళు పోస్తే బతుకుతాయా ఎక్కడన్నా?" అని నవ్వింది. నవ్వుతూనే దుప్పటి ఆఖరి మడత వేసి నా చేతుల్లో పెట్టింది. "నువ్వు అంత తాపత్రయపడుతుంటే ఏం చెప్తాం. పడనిచ్చాం."

అమ్మకి కూడా తెలుసన్నమాట.

బస్సు వచ్చింది. అక్క బోర్డు మీద అంకె చూసి తనే ఎక్కింది. ఊరి పేరు బావని అడిగింది. ఆయన వేలితో చూపించి, నెమ్మదిగా ఏదో చెప్పాడు. అక్క పెదాలు కదిలాయి. కిటికీ అద్దం లోంచి నాకు వినపడలేదు.

మార్చి 11

మేడమ్ "అక్కకి నచ్చిందా?" అని అడిగింది. నచ్చిందన్నాను.

మార్చి 13

మూడోరోజు పూలు పట్టుకుని ఎవరో వచ్చారు. పెళ్ళికూతురి అన్నయ్యట. పూలు నల్లబడ్డాయి. "బాగవుతాయా మేడమ్?" అని నన్ను అడిగాడు. "అవవు" అన్నాను. మేడమ్ వెనక నుంచి దగ్గింది. నేను మళ్ళీ "అవవండీ" అన్నాను. అతను వెళ్ళిపోయాక మేడమ్ ఒకటే తిట్లు. పడ్డాను.

ఇప్పుడు నిజం చెప్పినందుకు ఎవరికేం ఒరిగింది? అతను ఆ పూలు పట్టుకుని వీధిలో కాసేపు నిలబడి, ఎటో వెళ్ళిపోయాడు.

మార్చి 15

బావ నుంచి మెసేజ్‌లు రావడం లేదు. ఇక నాకెందుకొస్తాయి! సాయంత్రం చెప్పులు విప్పుతుంటే ఎదురొచ్చేవాళ్ళు లేరు. అమ్మ దిమ్మని తడిగుడ్డతో తుడిచి టీవీ పక్కన పెట్టింది. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "మా చిన్నది చేసింది, చదువుకుంది కదా" అంటోంది. వాళ్ళు కింద రాసింది ఏంటని అడిగితే నన్ను పిలుస్తోంది. ఇవాళ రెండుసార్లు చదివాను. మూడోసారి ఇంట్లో లేనట్టు ఊరుకున్నాను.

నేర్పించాల్సింది ఒక్కటే పని. ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ చేయలేనిది. ఆ ఆదివారం అక్క చాప పరిచి, పెన్సిలు చెక్కి, తల దువ్వుకుని కూర్చుంది.

మార్చి 16, ఆదివారం

మధ్యాహ్నం అక్క ఫోన్ నుంచి నాకు మెసేజ్ వచ్చింది. ఒక్కటే అక్షరం.

'అ'

పొరపాటున వేలు తగిలిందేమో అనుకున్నాను. కాసేపటికి మళ్ళీ వచ్చింది. 'అ'. ఇంకోసారి. 'అ'. మూడు. అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళు చిట్లించి చూసి, "ఏమంటోంది?" అంది.

"నేర్చుకుందమ్మా."

"ఎంతవరకు?"

"ఇంతవరకు."

అమ్మ ఫోన్‌ని కొంగుతో తుడిచి నాకిచ్చింది.

జవాబు రాయడానికి కూర్చున్నాను. 'చాలా బాగుంది అక్కా' అని రాశాను. అది చదవడం ఆమెకి ఇంకా రాదు, ఇంకొకరు చదివి వినిపించాలి. చెరిపేశాను. తర్వాతి అక్షరం 'ఆ' కొట్టాను. అది ఆమెకి ఇంకా తెలియదు. పంపితే పోల్చుకుని చూసుకుంటుంది, ఇదేంటని అడుగుతుంది, నేను చెప్తాను. పంపే గుర్తు మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

చెరిపేశాను. అది బావ నేర్పించాల్సిన అక్షరం.

ఆమె పంపినదాన్నే తిరిగి పంపాను. 'అ'.

వెంటనే ఫోన్ మోగింది. ఎత్తగానే యంత్రాల హోరు కాదు, గదిలో నిశ్శబ్దం, దాంట్లో అక్క నవ్వు. "చదివానే!" అంది.